మట్టి ఇజ్జత్: జతివాంగి కవేలూల తారీఖ్

2018లో ఇండోనేషియా, పశ్చిమ జావాలోని ఒక చోట 11,000 మంది గుమిగూడి ఇంటి కప్పు మీద వేసే మట్టి పెంకుల్ని వాయించారు. ఒక చేతిలో పెంకు, ఇంకో చేతిలో చిన్న కర్ర. బడిపిల్లలు, బట్టీల మజ్దూర్లు, సర్కారీ నౌకర్లు, తలమీద దుపట్టా కప్పుకున్న అమ్మలు, అందరిదీ ఒకటే తాళం. దీన్ని వాళ్ళు ‘రంపక్ గెంతెంగ్’ అంటారు. గెంతెంగ్ అంటే పెంకు. రంపక్ అంటే అందరూ ఒక్కటిగా చేయడం. 2012లో మొదటిసారి చేసినప్పుడు వచ్చినవాళ్ళు సుమారు 1,500 మంది. 2015లో 5,000. మూడేళ్ళు తిరిగేసరికి పదకొండు వేలు.

దూరం నుంచి చూస్తే ఇదొక తమాషా. కానీ దీని వెనుక నూరేళ్ళకు పైబడిన తారీఖ్ ఉంది. అది ముసల్మానుల ఊళ్ళ తారీఖ్, చేతిపని తారీఖ్. తమ పేషాను తామే చిన్నచూపు చూసుకుని, మళ్ళీ తామే దానికి ఇజ్జత్ తెచ్చుకున్న జనం తారీఖ్. నేను ఆ ఊరు వెళ్ళలేదు. చదివిన దాన్ని బట్టి, చూసిన వీడియోలను బట్టి రాస్తున్నాను. మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్పదగ్గ కథ కాబట్టి రాస్తున్నాను.

పేర్లలోనే ఉంది

ఆ ఇలాఖా పేరు జతివాంగి. ‘జతి’ అంటే టేకు, ‘వాంగి’ అంటే సువాసన. అది ఉన్న జిల్లా పేరు మజలెంగ్కా. ‘మజ’ అంటే మారేడు, ‘లంగ్కా’ అంటే కరువు. ఒకప్పుడు అక్కడ మారేడు చెట్లు దండిగా ఉండేవనీ, తర్వాత మాయమైపోయాయనీ, అందుకే ఆ పేరనీ అక్కడివాళ్ళు కథగా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, పోగొట్టుకున్న చెట్టు పేరుతో బతుకుతున్న జిల్లా అది.

జనంలో ఎక్కువమంది సుందా జాతి ముసల్మానులు. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఇండోనేషియా భాష గురించి చదివినప్పుడల్లా ఖుషీ అవుతుంది. సమాజాన్ని వాళ్ళు ‘మష్యరకత్’ అంటారు, మన ముషారకత్ తోబుట్టువు. ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే ‘ముష్యవరహ్’, అంటే మన మష్వరా. రైతులు, మామూలు జనం ‘రక్యత్’, మన రయ్యత్. ఖబర్‌ని ‘కబర్’ అంటారు, దునియాని ‘దునియా’ అనే అంటారు. అరబ్బీ మాట మనకు ఫార్సీ మీదుగా వచ్చింది, వాళ్ళకు ఓడల మీద వచ్చింది. ఇక తమ దేశాన్ని, మాతృభూమిని వాళ్ళు పిలుచుకునే మాట ‘తనహ్ అయిర్’. అంటే మట్టి-నీరు. వతన్ అంటే వాళ్ళకు మట్టీ నీళ్ళూనే. పెంకు చేయడానికి కావలసినవి కూడా ఆ రెండే.

మసీదు కప్పుతో మొదలు

మజలెంగ్కాకు తూర్పున సిరెబోన్ ఉంది. జావాలో ఇస్లాం తొలినాళ్ళలో వేళ్ళూనుకున్న రేవుల్లో అదొకటి. అక్కడ పంజునన్ అనే మొహల్లాలో ఎర్ర ఇటుకలతో కట్టిన పాత మసీదు ఒకటుంది. 15వ శతాబ్దం నాటిదని చెబుతారు. పంజునన్ అంటే కుండలు చేసేవాళ్ళ వాడ. ఆ మసీదు గోడల్లో పింగాణీ పళ్ళేలు పొదిగి ఉంటాయి. మట్టిపని చేసేవాళ్ళు తమ హునర్‌తోనే అల్లాహ్ ఇంటిని అలంకరించుకున్నారన్నమాట. జావాలోని పాత మసీదులకు గుంబజ్ ఉండదు. ఒకదానిపై ఒకటిగా అంతస్తుల కప్పులుంటాయి. కప్పే అక్కడ ఇమారత్‌కు నిండుదనం.

జతివాంగిలో పెంకుల పని ఎలా మొదలైందో చెప్పే రివాయత్ కూడా మసీదు దగ్గరే మొదలవుతుంది. 1905 ప్రాంతంలో ఒక హాజీ సాహెబ్ తమ ఊరి ఇబాదత్ ఖానాకు గడ్డి కప్పు తీసేసి పెంకులు వేయించాలనుకున్నారట. పని తెలిసినవాడిని బయటి నుంచి పిలిపించి, ఊరి మట్టితోనే పెంకులు చేయించారట. అలా నేర్చుకున్న హునర్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి పాకింది.

అవి డచ్చివాళ్ళ జమానా రోజులు. జతివాంగిలో వాళ్ళకు చక్కెర కార్ఖానా ఉండేది. మంచి పొలాలు చెరకుకు పోయేవి, మెహనత్ రైతుది, లాభం కంపెనీది. అలాంటి చోట మసీదు కోసం మొదలైన పెంకుల పని ఊరివాళ్ళ చేతుల్లోనే ఉండిపోవడం చిన్న సంగతి కాదు.

ఎలుకలు, రంగూన్ బియ్యం, పెంకులు

పెంకుకు గిరాకీ పెరిగిన కారణాల్లో ఒకటి మనకూ తగులుతుంది. జావాలో బియ్యం చాలక బర్మా నుంచి తెప్పించుకునేవారు. ఆ ఓడల్లో బియ్యం బస్తాలతోపాటు ఎలుకలు, వాటితోపాటు ప్లేగు సురబయా రేవులో దిగాయి. 1911లో మలాంగ్ ప్రాంతంలో మహమ్మారి బయటపడింది. తర్వాత మూడు దశాబ్దాల్లో జావాలో 2 లక్షల మందికి పైగా ప్లేగుతో చనిపోయారు.

ఆ బియ్యం ఎక్కడ ఓడకెక్కేదో తెలుసు కదా? రంగూన్ రేవులో. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసిన కూలీల్లో చాలామంది మన తెలుగువాళ్ళే. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు. బర్మాలో వాళ్ళకు ‘కొరంగీలు’ అనే పేరే పడిపోయింది. గోదావరి కూలీ వీపు మీది బస్తా జావా పల్లె వంటింటికి చేరేది. ఆ బస్తాలో ఏం దాగి ఉందో మోసినవాడికీ తెలియదు, వండుకున్నవాళ్ళకూ తెలియదు.

డచ్చి సర్కారు వెతికితే తేలిందేమంటే, జావా ఇళ్ళ వెదురు బొంగుల బోలులోనూ, గడ్డి కప్పుల్లోనూ ఎలుకలు గూళ్ళు పెడుతున్నాయి. దాంతో ఇళ్ళు మార్చే కార్యక్రమం పెట్టారు. వెదురు చివరలు మూయడం, గడ్డి తీసేసి పెంకు వేయడం. కొన్నేళ్ళలో 15 లక్షలకు పైగా ఇళ్ళను అలా తిరగగట్టారు, మరమ్మతు చేశారు. సామాను ఖర్చు చాలావరకు అప్పుగా ఇంటివాళ్ళ నెత్తినే పడింది. ముసలివాళ్ళు కట్టుకున్న ఇంటిని సర్కారు మనుషులొచ్చి విప్పుతుంటే చూస్తూ నిలబడటం ఎంత తక్లీఫో వేరే చెప్పక్కర్లేదు. కానీ జావాలో పెంకు మామూలు ఇంటి మీదికి ఎక్కడానికి ఆ మహమ్మారి కూడా ఒక కారణం.

మన దగ్గర కథ వేరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. ఆ అచ్చు పెంకులే రైలెక్కి మన ఊళ్ళకు వచ్చి ‘బెంగుళూరు పెంకులు’ అయ్యాయి. అంతకు ముందు ఊరి కుమ్మరి చేసిన గూనపెంకులే. దక్కనీలో అన్నీ కవేలూలే. ఇప్పుడు స్లాబు ఇళ్ళొచ్చాక కవేలూ పేరు చెప్తే పిల్లలు ముఖం చూస్తున్నారు.

పెంకు వెనుక చేతులు

పెంకు చేయడం చూడటానికి సులువు. కోతలయ్యాక పొలం నుంచి బంకమట్టి తవ్వుతారు. నీళ్ళు పోసి నానబెట్టి, రాళ్ళూ వేర్లూ ఏరి, బాగా పిసుకుతారు. ముద్దను అచ్చులో పెట్టి మర దించుతారు. పచ్చి పెంకును బల్లల మీద నీడలో ఆరబెడతారు. ఎండలో పెడితే వంకర పోతుంది, తడి మిగిలి ఉంటే బట్టీలో పగులుతుంది. బట్టీలో పేర్చడం ఒక హునర్, మంట పెంచుతూ పోవడం ఇంకో హునర్. తడి పెంకులు మోసేవాళ్ళలో, ఆరబెట్టేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. బాగా కాలిన పెంకును వేలితో కొడితే ఖణేల్‌మంటుంది. పగులు ఉంటే డొల్ల మోత. కొనేవాడు చెవితోనే పరఖ్ చేస్తాడు. అంటే పెంకులో సంగీతం మొదటి నుంచీ ఉంది, వినేవాళ్ళు దాన్ని సంగీతం అనుకోలేదంతే.

సుహార్తో ఏలుబడిలో దేశమంతా ఇళ్ళు కడుతున్నప్పుడు జతివాంగి పంట పండింది. వందల కార్ఖానాలు. ఆగ్నేయాసియాలోనే పెద్ద పెంకుల ఇలాఖాల్లో ఒకటని పేరు. బట్టీ ఉన్న ఇంట్లోవాళ్ళు హజ్ చేసి వచ్చేవారు, పిల్లల్ని చదివించేవారు. తర్వాత 1997-98 ఆర్థిక సంక్షోభం వచ్చింది. రేకులు వచ్చాయి, సిమెంటు పెంకులు వచ్చాయి. కట్టెల ధర పెరిగింది, పెంకు ధర పెరగలేదు. యువకులు బట్టీ వదిలి బట్టల ఫ్యాక్టరీలకు, పట్టణాలకు, పరదేశాలకు దారి పట్టారు. ‘నేను పెంకుల కూలీని’ అని చెప్పుకోవడం షర్మ్ అయిపోయింది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పెంకు కూడా మట్టిని తింటుంది. పొలం మట్టి తవ్వేకొద్దీ పొలం దిగిపోతుంది. మట్టిని సరుకుగా మాత్రమే చూస్తే పెంకుల యజమానీ, భూమి కొనే కంపెనీ చివరికి ఒకే దారిలో నడుస్తారు. ఆ తర్వాత వచ్చిన కళ పెట్టిన సవాల్ ఇదే: మట్టి అమ్ముకునే మాలా, అమానతా?

ఊళ్ళ వెంట నడిచే కళ

2005లో అరిఫ్ యూదీ అనే కళాకారుడు, ఆయన తోటివాళ్ళు జతిసురా గ్రామంలో ఒక పెంకుల కార్ఖానా ఆవరణలోనే ‘జతివాంగి ఆర్ట్ ఫ్యాక్టరీ’ మొదలుపెట్టారు. పేరులో ఫ్యాక్టరీ అని ఊరికే పెట్టుకోలేదు. పక్కన నిజమైన ఫ్యాక్టరీ పొగ వదులుతూనే ఉంది. ఊరి పెద్దగా ఎన్నికైన గింగీ షరీఫ్ హాషిమ్ కూడా ఈ జమాత్‌లోని మనిషే. కాబట్టి కళ ఒక పక్క, పంచాయతీ ఒక పక్క అన్నట్టు ఉండలేదు. ముష్యవరహ్‌లో ఊరి రోడ్డు గురించి మాట్లాడినవాళ్ళే ఊరి పండుగ గురించీ మాట్లాడారు.

వాళ్ళు చేసిన మొదటి మంచి పని, కళను హాలులో పెట్టకపోవడం. బయటి నుంచి వచ్చిన కళాకారులు ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే మెహమాన్‌లుగా ఉన్నారు. వాళ్ళు తిన్నదే తిన్నారు, వాళ్ళ బట్టీలోనే, వాళ్ళ గల్లీలోనే, వాళ్ళతో కలిసి ఏదో ఒకటి తయారుచేశారు. 2009 నుంచి ఊళ్ళ వీడియో పండుగ పెట్టారు. ఊరివాళ్ళే నటులు, ఊరివాళ్ళే ప్రేక్షకులు. చూడదలచినవాడు గల్లీ గల్లీ తిరగాలి, బట్టీ బట్టీ చూడాలి. దారిలో చాయ్ తాగకుండా ఎవరూ వదలరు.

ఊళ్ళ వెంట కళాబాట అనే ఆలోచన ఆసియాలో మరో చోట పెద్ద ఎత్తున నడిచింది. జపాన్‌లోని నీగతా కొండల్లో, ఎచిగో-త్సుమారి ప్రాంతంలో, 2000లో ఫ్రామ్ కితగవా అనే ఆయన మొదలుపెట్టారు. 760 చదరపు కిలోమీటర్ల మేర పల్లెలు. శీతాకాలమంతా మంచు. పిల్లలు పట్టణాలకు పోయి బడులు మూతపడ్డాయి, ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ మూతపడ్డ బడుల్లో, ఖాళీ ఇళ్ళల్లో, మెట్ల పొలాల్లో కళాకృతులు పెట్టి, చూసేవాళ్ళను పల్లె నుంచి పల్లెకు నడిపించారు. మొదట్లో ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ‘మాకు రోడ్లు కావాలి గానీ బొమ్మలెందుకు’ అన్న రకం అభ్యంతరాలు దాటడానికే ఏళ్ళు పట్టింది. అక్కడ పిలుపు చాలావరకు బయటి నుంచి వచ్చింది. జతివాంగిలో పిలిచినవాడూ ఊరివాడే, వచ్చినవాళ్ళలో ఎక్కువమందీ ఊరివాళ్ళే. నాకు ఆ తేడా పెద్దదిగా కనిపిస్తుంది.

మట్టితో వాద్యాలు చేసి వాయించే ‘హన్యతెర్రా’ అనే బృందం అక్కడే పుట్టింది. ఏటా పెంకుల మజ్దూర్లకు కండల పోటీ కూడా పెడతారు. జిమ్ముకు వెళ్ళి పెంచిన కండలు కావవి, తడి మట్టి మోసి మోసి వచ్చినవి. పోటీలో వాళ్ళు పెంకులు పట్టుకునే నిలబడతారు. నవ్వులాటగానే ఉంటుంది. కానీ నిన్నటిదాకా షర్మ్ అనుకున్న ఒళ్ళు ఇవాళ స్టేజీ మీద ఉంది. అయ్యను స్టేజీ మీద చూసిన పిల్లవాడు రేపు బడిలో అయ్య ఏం చేస్తాడని అడిగితే తల దించుకోడు.

మూడేళ్ళకోసారి వచ్చే రంపక్ గెంతెంగ్‌లో వాయించడంతోపాటు అందరూ కలిసి ఒక ప్రమాణం చేస్తారు. మట్టిని గౌరవంగా చూసుకుంటామని. ప్రమాణానికి వాళ్ళ మాట ‘ఇక్రార్’. ఇక్కడ తర్జుమా అక్కర్లేదు, మాట మనదే.

నేల ఎవరి చేతిలోకి

ఇదంతా హాయిగా జరగలేదు. జతివాంగి చుట్టూ నేల మీద పెద్దవాళ్ళ కన్ను పడింది. 2015లో సిరెబోన్ వైపు వెళ్ళే 116 కిలోమీటర్ల టోల్ రహదారి తెరుచుకుంది. 2018లో మజలెంగ్కా జిల్లాలోనే కెర్తజతి అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. ఆ విమానాశ్రయం కోసం నేల వదలమని చెప్పినప్పుడు సుకముల్య గ్రామ రైతులు కొలతలకు అడ్డుపడ్డారు. 2016 నవంబరులో పోలీసులు పొలాల్లోకి దిగి బాష్పవాయువు వదిలారు. తీరా తెరిచాక ఆ విమానాశ్రయం చాలా కాలం విమానాలు లేక బోసిపోయింది. పొలం పోయినవాడికి మాత్రం పొలం తిరిగి రాలేదు.

రోడ్డు వచ్చిందంటే ఫ్యాక్టరీ వస్తుంది. బట్టల ఫ్యాక్టరీలు, బూట్ల ఫ్యాక్టరీలు వచ్చాయి. నెలజీతం వస్తుంటే బట్టీ వేడికి ఎవరుంటారు? ఆ కుర్రవాళ్ళను తప్పు పట్టలేం. రిజ్క్ ఎక్కడుంటే మనిషి అక్కడికి పోతాడు. కళాకారులు ఫ్యాక్టరీలను ఆపలేకపోయారు, ఆపగలమని చెప్పుకోనూ లేదు. వాళ్ళు చేసిందల్లా ‘ఈ నేల మీద ఏం రావాలో మాతో మష్వరా చేయండి’ అనగల గొంతు తయారుచేయడం. జిల్లాను ‘తెరకోట నగరం’గా, అంటే కాల్చిన మట్టికి చోటు ఇచ్చే కట్టడాలతో పెంచాలన్న వాళ్ళ ఆలోచనను జిల్లా పాలకులు కూడా చెవిన పెట్టారు. పదకొండు వేల మంది ఒక తాళంలో కొట్టిన మోత సర్కారీ ఆఫీసు దాకా వినిపించిందన్నమాట.

2022లో జర్మనీలోని కాసెల్ నగరంలో ‘డాక్యుమెంటా’ అనే ప్రదర్శన జరిగింది. 1955లో మొదలైన ఆ ప్రదర్శన ఇప్పుడు ఐదేళ్ళకోసారి జరుగుతుంది, కళాలోకంలో పెద్ద మేళాల్లో ఒకటి. ఆసారి దాన్ని నడిపింది జకార్తాకు చెందిన రువాంగ్‌రూపా బృందం. వాళ్ళు పెట్టుకున్న ఆలోచన ‘లుంబుంగ్’, అంటే ఊరంతటికీ ఉమ్మడి ధాన్యపు గాదె. జతివాంగివాళ్ళనూ పిలిచారు. వాళ్ళు అక్కడికి తీసుకెళ్ళిన వాటిలో ‘పెర్హుతన’ అనే అడవి పథకం ఒకటి. సర్కారీ అటవీ కంపెనీ పేరు పెర్హుతనీ. దాని మీద చిన్న మజాక్ ఈ పేరు. తలా కొంత భాగం సొమ్ము పెట్టి నేల కొని, దాన్ని ఫ్యాక్టరీకి పోకుండా అడవిగా ఉంచాలన్నది పథకం.

ఇది చదువుతుంటే మనవాళ్ళకు వక్ఫ్ గుర్తుకు రాకుండా ఉండదు. రెండూ ఒకటి కావు. వక్ఫ్‌కు షరీఅత్ ఉంది, నియ్యత్ ఉంది. కానీ వెనుక ఉన్న ఖయాల్ దగ్గరిదే: ఈ నేల నాది అనే హక్ నేను వదులుకుంటున్నాను, రాబోయే నస్ల్ కోసం దీన్ని అమ్మకం నుంచి తప్పిస్తున్నాను. మన ఊళ్ళల్లో ఖబరస్తాన్ వేపచెట్లు, దర్గా చుట్టూ చింతతోపులు, మసీదు బావులు మిగిలాయంటే ఎప్పుడో ఎవరో ఈ నియ్యత్ చేసినందుకే. ఇవాళ వక్ఫ్ జమీన్ మీద నడుస్తున్న తగాదాల్లో మనం సర్వే నంబర్లు, గెజెట్‌లు వెతుకుతున్నాం. వెతకాలి కూడా. కానీ ఆ చెట్టు ఎవరు నాటారు, ఆ బావి ఎవరు తవ్వించారు అన్న కథ మన పిల్లలకే తెలియకపోతే, కాగితం ఒక్కటీ ఎంతకాలం కాపాడుతుంది?

మన అటక మీద ఏముంది

జతివాంగి నుంచి నేను తీసుకునే ఇబ్రత్ ఒకటే. నేల కంటే ముందు ఇజ్జత్ పోతుంది. తన పేషా మీద తనకే గౌరవం లేనివాడు, ఆ పేషాకు ఆధారమైన నేలనో, నీటినో, చెట్టునో అమ్మడానికి ఎక్కువ సేపు ఆలోచించడు. అందుకే వాళ్ళు కోర్టుకు పోకముందే పెంకు చేతికిచ్చి వాయించమన్నారు.

తెలుగు ముసల్మానుల ఇళ్ళల్లో ఎన్ని పేషాలు ఇలా మౌనమైపోయాయో చూడండి. కలాయి వేసేవాళ్ళు, గుర్రాలకు నాడాలు కొట్టిన నాల్‌బందులు, పుస్తకాలకు జిల్ద్ కట్టినవాళ్ళు, దూది ఏకిన నూర్‌బాషాలు. దూది ఏకే విల్లు నారిని కొడితే వచ్చే మోత విన్నవాళ్ళు మన నాయనమ్మల్లో ఇంకా ఉన్నారు. ఆ మోత వినగానే గల్లీలో పరుపులు బయటికొచ్చేవి. ఇవాళ ఆ ఇంటి పిల్లలు కాలేజీలో ఇంటిపేరు చెప్పడానికి వెనకాడుతున్నారు. స్పాంజి పరుపులొచ్చి దూది పోయింది సరే, దాంతోపాటు తలెత్తుకు చెప్పుకోవడం కూడా ఎందుకు పోవాలి?

పదకొండు వేల మందిని పోగేయడం మన వల్ల కాకపోవచ్చు. ఈ ఈద్‌కి చుట్టాలందరూ ఒకచోట కూర్చున్నప్పుడు ఒక పని చేయవచ్చు. దాదా ఏం పని చేసేవారు, ఏ మట్టి వాడేవారు, ఏ చెట్టు కలప తెచ్చేవారు, నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి, ఏ గల్లీలో ఎవరి దుకాణం ఉండేది, పిల్లల చేత అడిగించి రాయించండి. తర్వాత వాళ్ళను ఆ గల్లీల వెంట నడిపించండి. బావి ఉంటే బావి దగ్గర, చింతచెట్టు ఉంటే చెట్టు దగ్గర ఆగి ఆ కథ చెప్పండి. అటక మీద ఇంకా ఆ విల్లు ఉంటే కిందికి దించండి. నారి తెగి ఉంటే కొత్తది కట్టించి, ఒకసారి మోగించి వినిపించండి.